నకలే అసలైన చోట: క్రిప్టో వాలెట్ క్లౌడ్ బ్యాకప్ సూచనలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

క్రిప్టోకరెన్సీ వాలెట్‌ను భద్రపరచుకోవడం గురించి వెలువడుతున్న సూచనాత్మక రచనల్లో రెండు ధోరణులు ప్రధానంగా కనిపిస్తాయి. సీడ్ పదాలను ఇంటర్నెట్ సోకిన ఏ పరికరంలోనూ ఉంచరాదన్న నిషేధ ధోరణి మొదటిది. క్లౌడ్‌లో ఒక ప్రతిని ఉంచితే చాలునన్న సౌకర్య ధోరణి రెండవది. ఈ రెండూ 'ఎక్కడ దాచాలి' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయని, అసలు అడగవలసిన ప్రశ్న 'దాచినదాన్ని ఎవరు చదవగలరు' అన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాలెట్, బ్యాకప్, క్లౌడ్ అన్న మాటలు ఈ ప్రశ్నను ఎలా మరుగుపరుస్తున్నాయో, సీడ్ పదాలను ఒక పాఠంగా చూసినప్పుడు ఏ విషయాలు తేటపడతాయో, తెలుగు లిపిలో వ్రాసుకునేవారికి ఎదురయ్యే ప్రత్యేక చిక్కులేమిటో పరిశీలించడం దీని పరిధి.

కీలక పదాలు: క్రిప్టో వాలెట్, సీడ్ పదాలు, క్లౌడ్ నిల్వ, ఎన్‌క్రిప్షన్, కటపయాది, తెలుగు లిపి, రూపకం.

1. ఉపోద్ఘాతం

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో బిట్‌కాయిన్ ప్రతిపాదన పత్రం వెలువడింది. 2009 జనవరి 3న దాని తొలి బ్లాక్ రూపొందింది. బ్యాంకు వంటి మధ్యవర్తి లేకుండా విలువను బదిలీ చేయడం ఆ వ్యవస్థ ఉద్దేశం. మధ్యవర్తి లేకపోవడమంటే, పొరపాటు జరిగినప్పుడు ఆశ్రయించదగిన కార్యాలయం కూడా లేకపోవడమే. ఏటీఎం పిన్ మరచిపోయిన ఖాతాదారుకు బ్యాంకు కొత్త పిన్ ఇస్తుంది. వాలెట్ రహస్యాన్ని పోగొట్టుకున్నవారికి కొత్త రహస్యం ఇవ్వగల అధికారి ఎక్కడా లేడు.

మన దేశంలో ఈ ఆస్తుల చట్టస్థితి అనేక మలుపులు తిరిగింది. బ్యాంకులు క్రిప్టో లావాదేవీలకు సేవలందించరాదని 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 ఆర్థిక చట్టం వీటిని వర్చువల్ డిజిటల్ ఆస్తులుగా నిర్వచించి, బదిలీపై వచ్చే ఆదాయానికి 30 శాతం పన్ను విధించింది. రాజ్యం దీన్ని పన్ను వేయదగిన ఆస్తిగా గుర్తించిందే తప్ప, ఆ ఆస్తి తాళాన్ని తిరిగి తెరిపించే బాధ్యత దానికి లేదు. ఆ బాధ్యత పూర్తిగా యజమానిది. యజమాని ఆధారపడేది భద్రతా సూచనల మీద. ఆ సూచనల భాష ఎంత ఖచ్చితంగా ఉందన్నది కనుక కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు. ఒక్క మాటను తప్పుగా అర్థం చేసుకుంటే జీవితకాలపు పొదుపు పోవచ్చు.

2. 'వాలెట్' అన్న రూపకం కప్పిపుచ్చిన విషయం

వాలెట్ అనగానే డబ్బు పెట్టుకునే జేబుసంచి మనసులో మెదులుతుంది. నిజానికి క్రిప్టో వాలెట్‌లో నాణెం ఒక్కటీ ఉండదు. ఏ చిరునామాకు ఎంత చెందుతుందన్న లెక్క ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉన్న ఉమ్మడి పద్దులో ఉంటుంది. ఆ పద్దులో తన వాటాను మరొకరికి మార్చమని సంతకం చేయడానికి అవసరమైన ప్రైవేట్ కీ మాత్రమే వాలెట్‌లో ఉంటుంది. అందువల్ల ఫోను పగిలినా డబ్బు పోదు, కీ మరొకచోట ఉన్నట్లయితే. ఫోను భద్రంగా జేబులోనే ఉన్నా డబ్బు పోవచ్చు, కీని మరొకరు చదివినట్లయితే. జేబుసంచి రూపకం ఈ రెండు సంగతుల్లో దేన్నీ చెప్పదు.

'బ్యాకప్' అన్న మాటలో మరొక చిక్కు ఉంది. తెలుగువారి ఆస్తి వ్యవహారాల్లో అసలు, నకలు అన్న విభజన స్థిరంగా ఉంది. భూమి దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు పొందవచ్చు. ఆ నకలు దొంగకు దొరికినంత మాత్రాన భూమి అతనిది కాదు. నకలు ఆస్తికి సాక్ష్యమే గాని ఆస్తి కాదు. కుటుంబ ఛాయాచిత్రాల బ్యాకప్ కూడా ఇటువంటిదే. నకళ్లు ఎన్ని ఎక్కువైతే అంత భద్రం. సీడ్ పదాల విషయంలో ఈ తర్కం తలకిందులవుతుంది. ఇక్కడ నకలుకూ అసలుకూ భేదం లేదు. కాగితంపై ఉన్నా, తెరపట్టులో ఉన్నా, ఈమెయిల్ చిత్తుప్రతిలో ఉన్నా ఆ పదాలు చదవగలిగిన ప్రతి వ్యక్తీ యజమానితో సమానమైన అధికారం పొందుతాడు. ప్రతి కొత్త నకలూ పోగొట్టుకునే ప్రమాదాన్ని తగ్గిస్తూనే దొంగతనపు ప్రమాదాన్ని పెంచుతుంది. బ్యాకప్ సూచనల్లో అత్యధికం ఈ రెండింటిలో ఒక ప్రమాదాన్నే చూసి రెండవదాన్ని విస్మరిస్తున్నాయి.

'క్లౌడ్' సంగతీ అంతే. మేఘానికి చిరునామా ఉండదు, యజమాని ఉండడు. క్లౌడ్ నిల్వకు రెండూ ఉన్నాయి. అది ఒక సంస్థ నడిపే డేటా కేంద్రంలోని డిస్కు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించిన తరువాత, తెలుగు నేలమీద భవనాలు, విద్యుత్తు, సిబ్బంది ఉన్న 'మేఘం' కూడా ఉంది. ఫైలును మేఘంలో ఉంచామనడం కంటే, ఫలానా సంస్థ కంప్యూటరులో ఉంచామనడం వల్ల ఆలోచన సరైన దిశలో సాగుతుంది.

3. సీడ్ పదాలు: అర్థాన్ని నిరాకరించే పాఠం

2013లో రూపొందిన బిప్-39 అనే ప్రమాణం కీ రహస్యాన్ని సాధారణ పదాల వరుసగా మార్చే పద్ధతిని నిర్దేశించింది. కంప్యూటరు ముందుగా 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను తీసుకుంటుంది. దానికి 4 బిట్ల సరిచూపు అంకెను చేర్చగా 132 బిట్లవుతాయి. వీటిని 11 బిట్ల చొప్పున విడదీస్తే 12 భాగాలు వస్తాయి. 11 బిట్లతో 2048 సంఖ్యలను సూచించవచ్చు కనుక, 2048 పదాల పట్టిక నుంచి ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పదం లభిస్తుంది. 256 బిట్లతో మొదలుపెడితే 24 పదాలు వస్తాయి. వాలెట్‌లోని కీలన్నీ ఈ పదాల నుంచే పుడతాయి.

సంఖ్యను మాటగా మార్చడం మనకు కొత్త కాదు. కటపయాది పద్ధతిలో హల్లులు అంకెలను సూచిస్తాయి. కర్ణాటక సంగీతంలో 'మేచకల్యాణి' అన్న పేరులోని తొలి రెండక్షరాలకు 5, 6 అన్న అంకెలు వస్తాయి. వాటిని తిరగవేస్తే 65. అది ఆ మేళకర్త సంఖ్య. వేదాధ్యయనంలోని క్రమ, జట, ఘన పాఠాల్లో పదాలను ముందువెనుకలుగా మళ్లీ మళ్లీ వల్లించడం వల్ల పాఠంలో దొర్లిన తప్పు బయటపడుతుంది. బిప్-39లోని సరిచూపు బిట్లు చేసే పని కూడా తప్పును పట్టివ్వడమే. అయితే ప్రయోజనంలో ఈ రెండు సంప్రదాయాలూ ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి. కటపయాది సంఖ్యకు అర్థాన్ని తొడిగి అనేకులకు అందజేస్తుంది. సీడ్ పదాలు సంఖ్యకు మాటలను తొడుగుతాయి గాని అర్థాన్ని నిరాకరిస్తాయి. వాటి మధ్య అన్వయం లేదు, ఆకాంక్ష లేదు. ఒక పదం తరువాత మరొకటి ఎందుకు వచ్చిందో ఊహించడానికి వీలు లేకపోవడమే ఆ పాఠానికి విలువ. అది ఒకే ఒక్క పాఠకుని కోసం పుట్టిన పాఠం.

అర్థానికీ రహస్యానికీ ఉన్న ఈ వైరుధ్యాన్ని పట్టించుకోనివారు నష్టపోయిన ఉదాహరణ ఒకటుంది. బిట్‌కాయిన్ తొలి సంవత్సరాల్లో కొందరు తమకు గుర్తుండే వాక్యాన్ని నేరుగా కీగా మార్చుకునేవారు. దీన్ని 'బ్రెయిన్ వాలెట్' అన్నారు. 2016లో వెలువడిన ఒక పరిశోధన ఇటువంటి 884 వాలెట్లను గుర్తించి, వాటిలో అత్యధికం దోపిడీకి గురయ్యాయని, అనేక సందర్భాల్లో డబ్బు చేరిన కొద్ది సమయంలోనే మాయమైందని తేల్చింది. దాడి చేసేవారు పుస్తకాలు, పాటలు, సామెతలు, సినిమా సంభాషణలను యంత్రాలకు ఇచ్చి ముందుగానే కీలుగా మార్చి ఉంచుకుంటారు. ఈ లెక్కన, ఒక పద్యపాదం ఎంత అపురూపమైనదైనా అచ్చయిన మరుక్షణం రహస్యంగా పనికిరాదు. తెలుగు పద్యం దాడిదారులకు తెలియదన్న ధీమా కూడా నిలవదు. నెలకొన్న ప్రతి గ్రంథాలయాన్నీ యంత్రం చదవగలదు.

4. పదపట్టిక, తెలుగు లిపి

బిప్-39 పదపట్టికలు ఇంగ్లీషుతో పాటు జపనీస్, కొరియన్, స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ భాషల్లో ఉన్నాయి. ఆ ప్రమాణంలో తెలుగు పట్టిక గాని, మరే భారతీయ భాష పట్టిక గాని లేదు. ఇతర వాలెట్లతో పొత్తు కుదరదన్న కారణంతో ఇంగ్లీషేతర పట్టికలను వాడవద్దని ప్రమాణకర్తలే సలహా ఇస్తున్నారు. తెలుగువారి చేతికి వచ్చేవి కనుక ఇంగ్లీషు పదాలే. ఇంగ్లీషు వర్ణక్రమం అలవాటు లేనివారు, లేదా పెద్దల కోసం వ్రాసిపెట్టేవారు ఆ పదాలను తెలుగు లిపిలో వ్రాసుకోవడం సహజం. ఇక్కడ ఒక భాషాశాస్త్ర సమస్య తలెత్తుతుంది.

ఇంగ్లీషు పట్టికలో 'కుడి' అన్న అర్థమిచ్చే పదమూ, 'వ్రాయు' అన్న అర్థమిచ్చే పదమూ వేర్వేరుగా ఉన్నాయి. తెలుగు లిపిలో రెండూ 'రైట్' అవుతాయి. 'శాంతి', 'ముక్క' అన్న అర్థాలిచ్చే రెండు పదాలూ 'పీస్' అవుతాయి. 'ఎక్కడ', 'ధరించు' అన్న అర్థాలిచ్చేవి రెండూ 'వేర్' అవుతాయి. ప్రతి పదాన్నీ తొలి నాలుగు అక్షరాలతోనే గుర్తించవచ్చన్నది ఆ పట్టిక రూపకల్పనలోని ముఖ్య నియమం. ఆ నియమం రోమన్ లిపిలో వర్ణక్రమం మీద ఆధారపడింది. ఉచ్చారణను అనుసరించే మన లిపిలోకి మారగానే అది చెల్లదు. విషయం తెలిసినవారు వ్రాతలోని సందిగ్ధ పదాలకు వచ్చే కూర్పులన్నీ ప్రయత్నించి, సరిచూపు బిట్ల సాయంతో సరైన వరుసను కనుగొనవచ్చు. మూడు పదాలు సందిగ్ధమైతే కూర్పులు ఎనిమిదే. కాని యజమాని మరణించిన తరువాత ఆ కాగితాన్ని మొదటిసారి చూసే భార్యకో కుమారుడికో ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ. 'వాలెట్ తెరుచుకోవడం లేదు' అన్నదే వారికి తెలుస్తుంది. అందువల్ల సీడ్ పదాలను రోమన్ లిపిలోనే, పెద్ద అక్షరాలతో, వరుస సంఖ్యలు వేసి వ్రాయాలి. తెలుగులో చెప్పవలసింది పదాలను కాదు, వాటిని ఏం చేయాలన్న వివరణను.

తెలుగు పదపట్టికను రూపొందించాలని ఎవరైనా పూనుకుంటే పరిష్కరించవలసిన సమస్యలూ ఇక్కడే ఉన్నాయి. ఐత్వ గుణింతపు గుర్తుకు యూనికోడ్‌లో రెండు రూపాలు సాధ్యం. ఒకే సంకేతంగా వ్రాయవచ్చు, రెండు భాగాలుగానూ వ్రాయవచ్చు. చూపుకు అవి ఒకటే, యంత్రానికి వేరు. బిప్-39 నిర్దేశించిన యూనికోడ్ సాధారణీకరణ ఈ రెండింటినీ ఒక రూపానికి తెస్తుంది. కాని పూర్ణానుస్వారంతోనూ వర్గానునాసికంతోనూ వ్రాయదగిన మాటల ద్వైరూప్యాన్ని, శకటరేఫ ఉన్న మాటల ద్వైరూప్యాన్ని ఏ సాధారణీకరణా తొలగించలేదు. తొలి నాలుగు 'అక్షరాలు' అన్నప్పుడు మన లిపిలో లెక్కించవలసింది సంకేతాలనా, గుణింతాలతో కూడిన అక్షరాలనా అన్నది కూడా తేలవలసిన ప్రశ్న. ఇది తెలుగు భాషాశాస్త్ర విభాగాలు చేపట్టదగిన పరిశోధన.

5. అనుకోని పాఠకుడు: రెండు ఉదంతాలు

సీడ్ పదాలు ఒకే పాఠకుని కోసం పుట్టిన పాఠమైతే, క్లౌడ్‌లో ఉంచిన ప్రతి మరొక పాఠకుణ్ణి ఆహ్వానిస్తుంది. ఆ పాఠకుడు ఎలా ప్రవేశిస్తాడో ఈ కింది ఉదంతాలు తెలుపుతాయి.

మొదటిది 2022 ఏప్రిల్ నాటిది. ఫోనులోని యాప్‌ల సమాచారాన్ని ఐక్లౌడ్ తనంతట తానే బ్యాకప్ చేసే అమరిక ఉన్నప్పుడు, తమ వాలెట్ రహస్యఫైలు కూడా అందులో చేరుతుందని మెటామాస్క్ వినియోగదారులను హెచ్చరించింది. అంతకు కొద్ది రోజుల ముందు ఒక వ్యక్తికి ఆపిల్ సిబ్బందిమంటూ ఫోను వచ్చింది. అతను చెప్పిన ధ్రువీకరణ సంఖ్యతో దాడిదారులు ఖాతాను స్వాధీనం చేసుకుని, బ్యాకప్ నుంచి వాలెట్‌ను తెరిచి, సుమారు 6.5 లక్షల డాలర్ల విలువైన ఆస్తులను తరలించారు. ఇక్కడ యజమాని తన రహస్యాన్ని క్లౌడ్‌లో ఉంచాలని నిర్ణయించుకోలేదు. ఫోను అమరికే ఆ నిర్ణయం తీసుకుంది. సీడ్ పదాలను ఫోటో తీసేవారిది కూడా ఇదే స్థితి. ఫోటో గ్యాలరీ క్లౌడ్‌తో అనుసంధానమై ఉంటుంది. గ్యాలరీలోని చిత్రాలను చదివి సీడ్ పదాలను వెదికే స్పార్క్‌క్యాట్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ అధికారిక యాప్ దుకాణాల్లోని యాప్‌లలోనే కనిపించిందని కాస్పర్‌స్కీ సంస్థ 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది.

రెండవ ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. పాస్‌వర్డులను భద్రపరిచే లాస్ట్‌పాస్ సంస్థ క్లౌడ్ నిల్వ నుంచి వినియోగదారుల ఖజానాల బ్యాకప్ ప్రతులను దుండగులు ఎత్తుకుపోయినట్లు 2022 డిసెంబరులో ఆ సంస్థ ప్రకటించింది. ఖజానాల్లోని రహస్యాలు ఎన్‌క్రిప్ట్ అయే ఉన్నాయి. వాటి బలమంతా వినియోగదారు ఎంచుకున్న ప్రధాన పాస్‌వర్డు మీద ఆధారపడి ఉంది. ప్రతి చేజిక్కిన తరువాత దుండగుడు తన కంప్యూటరులో ఎన్ని కోట్ల పాస్‌వర్డులనైనా తీరుబడిగా ప్రయత్నించవచ్చు. మూడుసార్లు తప్పు చేస్తే ఖాతా మూసివేసే కాపలా అక్కడ ఉండదు. ఆ తరువాత జరిగిన ఒక భారీ క్రిప్టో దొంగతనానికీ ఈ ఖజానాల చోరీకీ సంబంధం ఉందని అమెరికా అధికారులు 2025లో కోర్టుకు తెలిపారు.

ఈ ఉదంతంలోని పాఠాన్ని సూచనాత్మక రచనలు తరచూ జారవిడుస్తున్నాయి. చోరీ తరువాత ప్రధాన పాస్‌వర్డు మార్చుకోవడం వల్ల పోయిన ప్రతికి రక్షణ ఏమీ చేకూరదు. ఎత్తుకుపోయిన పెట్టెకు పాత తాళమే ఉంటుంది. ఇంట్లో ఉన్న పెట్టె తాళం మార్చినంత మాత్రాన అది మారదు. అటువంటప్పుడు చేయవలసిన పని, కొత్త సీడ్ పదాలతో కొత్త వాలెట్ సృష్టించి ఆస్తులను వెంటనే దానిలోకి తరలించడం.

6. నిషేధ వాక్యం ఊహించుకున్న పాఠకుడు

పై ఉదంతాలను చూసినప్పుడు, సీడ్ పదాలను క్లౌడ్ దరికి చేర్చవద్దన్న నిషేధం సమంజసంగానే తోస్తుంది. సాధారణ సూచనగా దాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఆ వాక్యం ఎవరిని ఊహించుకుని మాట్లాడుతున్నదో పరిశీలించాలి. స్వంత ఇల్లు, ఇంట్లో ఇనుప పెట్టె, రెండవ ఊరిలో నమ్మకమైన స్థలం, మారని చిరునామా ఉన్న గృహస్థుడు ఆ వాక్యపు పాఠకుడు. అద్దెగదులు మారే ఉద్యోగి, వసతిగృహంలోని పరిశోధక విద్యార్థి, రెండు సూట్‌కేసులతో విదేశం వెళ్లిన తెలుగు యువత ఆ ఊహలో లేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఇళ్లలోని కాగితాలకు ఏమైందో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. బ్యాంకు లాకరులో దాచవచ్చు. అయితే 2022 జనవరి నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు వంద రెట్లకు పరిమితం. వరద వంటి ప్రకృతి వైపరీత్యాల్లో, తన నిర్లక్ష్యం లేనప్పుడు, బ్యాంకుకు ఆ బాధ్యత కూడా లేదు.

పోగొట్టుకోవడమన్నది చిన్న ప్రమాదం కాదు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో 2013లో చెత్తకుప్పకు చేరిన ఒక హార్డ్‌డిస్కు కోసం దాని యజమాని ఏళ్ల తరబడి పోరాడారు. అందులో ఉన్నవి సుమారు 8,000 బిట్‌కాయిన్ల కీలు. చెత్త మైదానాన్ని తవ్వే అనుమతి కోసం వేసిన దావాను 2025 జనవరిలో అక్కడి హైకోర్టు తోసిపుచ్చింది. ఆ డిస్కును ఎవరూ దొంగిలించలేదు. అది చదవబడక పోయింది. నిషేధ వాక్యం దొంగను చూస్తుంది, చెత్తబండిని చూడదు.

సౌకర్య ధోరణి తప్పు దీనికి భిన్నమైనది. క్లౌడ్ ఎన్నటికీ మరవదని అది భావిస్తుంది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫైళ్లతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. 'భద్రంగా ఉండాలి' అని ఎవరికీ చెప్పని ప్రత్యేక ఖాతా తెరిచి, అందులో ఫైలు ఉంచి మరచిపోయినవారికి ఆ మరుపే ముప్పు.

7. సురక్షిత నిక్షేపం: పద్ధతి, తర్కం

సైనిక గూఢలిపి గురించి 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, వ్యవస్థ అంతా శత్రువు చేతికి చిక్కినా, కీ ఒక్కటి రహస్యంగా ఉంటే సందేశం భద్రంగా ఉండాలి. క్లౌడ్ నిల్వకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే, ఫైలు ఇప్పటికే దొంగ చేతిలో ఉందని ముందుగా అంగీకరించి ఏర్పాటు చేసుకోవాలి. దొంగ దగ్గర ఉన్నా చదవలేని ఫైలే క్లౌడ్‌లో ఉంచదగినది. ఈ తర్కం నుంచి కొన్ని నియమాలు వెలువడతాయి.

ఒకటి, ఎన్‌క్రిప్షన్ యజమాని పరికరంలోనే, పైకి పంపకముందే జరగాలి. వెరాక్రిప్ట్ వంటి బహిరంగ సాఫ్ట్‌వేర్ ఇందుకు ఉపకరిస్తుంది. క్లౌడ్ సంస్థ తన దగ్గర ఎన్‌క్రిప్ట్ చేస్తానన్నప్పుడు కీ ఆ సంస్థ దగ్గరే ఉండవచ్చు. అప్పుడు ఆ సంస్థ చదవగలదు, దాన్ని లొంగదీసుకున్నవారూ చదవగలరు. కొన్ని సంస్థలు కీ వినియోగదారు దగ్గరే ఉండే ఏర్పాటును అందిస్తున్నాయి. ఆపిల్ 2022 డిసెంబరులో ఇటువంటి రక్షణను ప్రవేశపెట్టి, 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ వినియోగదారులకు ఉపసంహరించుకుంది. ఇతరులు ఇచ్చే రక్షణ ఇతరుల నిర్ణయంతో పోవచ్చునన్నది దీని నుంచి గ్రహించవలసిన విషయం.

రెండు, పాస్‌వర్డును మనిషి ఊహ నుంచి తీసుకోరాదు. 7,776 పదాల పట్టిక నుంచి పాచికలు వేసి పదాలను ఎంచుకునే డైస్‌వేర్ పద్ధతిలో ఒక్కొక్క పదానికి దాదాపు 12.9 బిట్ల బలం వస్తుంది. ఏడు పదాలతో 90 బిట్లు. పేరు, పుట్టినరోజు, ఇష్టదైవం, ఇష్టమైన పద్యం ఈ కొలతలో నిలవవు.

మూడు, ఆ పాస్‌వర్డు క్లౌడ్‌లో, ఈమెయిల్‌లో, ఫోనులో ఉండరాదు. కాగితంపై వేరుచోట ఉండాలి. ఆ కాగితం ఒక్కటే దొంగకు దొరికితే దానితో ఏమీ చేయలేడు. క్లౌడ్ ఫైలు ఒక్కటే దొరికినా అంతే. సీడ్ పదాల కాగితానికి లేని సుగుణం ఈ విభజనకు ఉంది.

నాలుగు, పదాలను ముక్కలు చేసి పంచడం భద్రత కాదు. 12 పదాలను మూడు చోట్ల, ఒక్కొక్క చోట 8 పదాలుండేలా పంచితే ఏ రెండు చోట్లు దొరికినా వాలెట్ తెరవవచ్చునని కొందరు సూచిస్తారు. ఒక చోటు దొంగకు దొరికితే అతనికి తెలియనివి నాలుగు పదాలే, అంటే 44 బిట్లు. సరిచూపు బిట్లు అందులో పదహారింట పదిహేను వంతులను ఏరివేస్తాయి. మిగిలేవి 40 బిట్లు, సుమారు లక్షా పదివేల కోట్ల అవకాశాలు. మనిషికి అనంతంగా తోచే ఈ సంఖ్య, పట్టుదల గల దుండగుని యంత్రాలకు అందుబాటులోదే. ఇందుకు సరైన పరిష్కారం 1979లో ఆది షమీర్ ప్రతిపాదించిన రహస్య విభజన గణితం. మూడు వాటాల్లో ఏ రెండైనా కలిస్తే రహస్యం పూర్తిగా తెలుస్తుంది, ఒక్క వాటా నుంచి ఏమీ తెలియదు. స్లిప్-39 ప్రమాణం దీన్ని వాలెట్లకు అన్వయించింది. ఒక వాటా ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడ్‌లో, ఒకటి ఇంట్లో, ఒకటి మరో ఊరిలోని ఆత్మీయుల వద్ద ఉంచినప్పుడు, వరదకూ దొంగకూ ఒకేసారి సమాధానం దొరుకుతుంది. అయితే వాలెట్ ఈ ప్రమాణాన్ని అంగీకరించేదై ఉండాలి.

ఐదు, తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు. పెద్ద మొత్తం చేర్చకముందే, చిన్న మొత్తంతో వాలెట్‌ను తొలగించి, క్లౌడ్ ప్రతి నుంచి మళ్లీ తెరిచి చూడాలి. ఏటా ఒకసారి ఆ ఖాతాలోకి ప్రవేశించి ఫైలు ఉన్నదో లేదో సరిచూడాలి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఉండాలి.

ఆరు, వారసుల కోసం తెలుగులో ఒక వివరణ పత్రం ఉండాలి. అందులో రహస్యం ఉండదు. ఏ ఖాతాలో ఏ ఫైలు ఉంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరవాలి, పాస్‌వర్డు కాగితం ఎవరి దగ్గర ఉంది, ఫోను చేసి సంఖ్య అడిగేవారికి ఏమీ చెప్పరాదు అన్న విషయాలుంటాయి.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసే కంప్యూటరులోనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఉన్నట్లయితే, టైపు చేస్తున్న సీడ్ పదాలు అప్పుడే దొంగకు చేరతాయి. హార్డ్‌వేర్ వాలెట్ వాడేవారు తమ పదాలను ఏ కంప్యూటరులోనూ టైపు చేయకుండా కాగితం మీదో లోహపు రేకు మీదో ఉంచుకోవడమే మేలు. జీవితకాలపు పొదుపు ఉన్నవారికి క్లౌడ్ ప్రతి ఒక్కటే ఆధారం కాకూడదు. అది కాగితపు ప్రతికి తోడు మాత్రమే.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. వాలెట్, బ్యాకప్, క్లౌడ్ అన్న రూపకాలు నకలే అసలన్న వాస్తవాన్ని మరుగుపరుస్తున్నాయి. తెలుగులో వ్రాసేవారు ఈ మాటలను వాడక తప్పకపోయినా, వాటి వెనుక ఉన్న కార్యాన్ని వివరించి తీరాలి.

2. సీడ్ పదాలు అర్థం లేకపోవడం వల్లనే విలువైన పాఠం. సాహిత్య వాక్యాలను వాటి స్థానంలో వాడడం ప్రమాదకరం.

3. ఇంగ్లీషు పదపట్టికను తెలుగు లిపిలో వ్రాసుకోవడం వల్ల సందిగ్ధత ఏర్పడుతుంది. పదాలు రోమన్ లిపిలో, వివరణ తెలుగులో ఉండాలి.

4. క్లౌడ్‌ను పూర్తిగా నిషేధించే సూచన స్థిరనివాసులను మాత్రమే దృష్టిలో ఉంచుకున్నది. క్లౌడ్‌ను పూర్తిగా నమ్మమనే సూచన చోరీని, ఖాతా తొలగింపును విస్మరించింది.

5. యజమాని పరికరంలోనే ఎన్‌క్రిప్ట్ అయి, పాస్‌వర్డు వేరుచోట ఉన్న ఫైలు మాత్రమే క్లౌడ్‌లో ఉంచదగినది.

తెలుగులో ఆర్థిక భద్రత గురించి వెలువడే రచనల్లో అధికభాగం ఇంగ్లీషు సూచనల అనుసరణలుగానే ఉన్నాయి. మూలంలోని రూపకాలతో పాటు మూలంలోని పాఠకుణ్ణి కూడా అవి యథాతథంగా తెచ్చుకుంటున్నాయి. తెలుగు కుటుంబంలో ఒక కాగితాన్ని ఎవరు వ్రాస్తారు, ఎవరు దాస్తారు, చివరికి ఎవరు విప్పి చదువుతారు అన్న ప్రశ్నలతో మొదలయ్యే రచనలు రావలసి ఉంది. భాషాశాస్త్రం, సమాచార భద్రత కలిసి పనిచేయవలసిన ఈ రంగంలో తెలుగు పదపట్టిక నిర్మాణం, వారసుల వివరణ పత్రానికి ప్రామాణిక నమూనా తయారీ పరిశోధకులు వెంటనే చేపట్టదగిన రెండు పనులు.